ఇనుములో మనం ఎట్టా నిలబడాలి

(కృష్ణపట్నంలో జరిగిన మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిందాన్నే కొద్దిగా సరిచేసి ఇస్తున్నాను.)



ఆహ్వాన పత్రికలో నా పేరు పక్కన 'గిరిజన బాలికల విద్య' అని వేశారు. ఏటా అదే మాట్లాడుతున్నాను. ఈసారి అధ్యక్షుల వారి అనుమతి తీసుకుని వేరే సంగతి ఎత్తుతున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మీరు చేతులెత్తబోయే తీర్మానాల్లో ఒకటి, మనవైపు రాబోయే పార్కులో పాత ఇనుముతో యానాది దంపతుల భారీ విగ్రహం పెట్టించాలన్నది. స్థలం ఇంకా ఖాయం కాలేదు గానీ బొమ్మ మటుకు వాట్సాప్‌లో నెల రోజులుగా తిరుగుతోంది. మీరంతా చూసే ఉంటారు. ఇరవై అడుగుల మగమనిషి, మొలకు గోచి, చేతిలో విల్లు. పక్కన ఆడమనిషి, చంకలో బుట్ట. కాళ్ళ దగ్గర రెండు ఎలుకలు.

నేను ఆ బొమ్మను ఫోన్లో చూస్తుంటే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె నా భుజం మీదనుంచి తొంగి చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మేడమ్, ఇది పెట్టినాక మా స్కూలోళ్ళు ఎప్పుడన్నా ఆ పార్కుకు పోతే నేను రాను. నాకు జొరమొచ్చిందని చెప్పండి" అంది. బొమ్మ బాగాలేదని ఆ పిల్ల అనలేదు. బాగానే వేశారు. దాని పక్కన తను నిలబడాల్సి వస్తుందని భయపడింది. నేను ఈ రోజు మైకు అడిగింది ఆ ఒక్క మాట కోసం.

విగ్రహం వద్దని చెప్పడానికి రాలేదు, తొందరపడి అనుకోకండి. ఉక్కుతో పెద్ద బొమ్మ పెట్టాలన్న ఆలోచన మంచిదే. దాన్ని ఎట్టా చేస్తారో, సముద్రం ఒడ్డున ఎట్టా నిలబెడతారో కొంచెం తెలుసుకుని అప్పుడు చేతులెత్తుదాం అంటున్నాను. వార్డెనుకు ఇనుము సంగతి ఏం తెలుసనుకుంటారేమో. నేను బీయిడీలో భౌతికశాస్త్రం చదివిన మనిషిని. అది పక్కన పెట్టండి. మా హాస్టల్లో మంచాలు, కిటికీ కమ్ములు, గేటు, పిల్లల ట్రంకు పెట్టెలు అన్నీ ఇనుమే. ఉప్పుగాలికి అవి ఏమవుతాయో పదేళ్ళుగా చూస్తున్నాను. మంచాలు వెల్డింగ్ చేసే భాయ్ దగ్గర గంటల తరబడి కూర్చున్నాను, పని అయిందాకా కదలకపోతేనే పని అవుతుంది కాబట్టి. ఈ మధ్య మంచం సంగతి వదిలేసి ఈ విగ్రహం సంగతే ఆయన్ని అడుగుతున్నాను.

మన రాష్ట్రాల్లో ఈ పని చేసేవాళ్ళకు కొదవ లేదు. తెనాలిలో సూర్య శిల్పశాల ఉంది. కాటూరి వెంకటేశ్వరరావు గారు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత నట్లు, బోల్టులు, సైకిల్ చైన్లు, గేరు చక్రాలతో విగ్రహాలు చేస్తారు. 75,000 నట్లతో పదడుగుల గాంధీ గారిని చేశారు. 2021లో 14 అడుగుల మోదీ గారి విగ్రహమూ అక్కడే తయారైంది. నాగార్జున విశ్వవిద్యాలయంలో లలితకళలు బోధించే శ్రీనివాస్ పడకండ్ల గారు మునిసిపాలిటీల పాత ఇనుముతో చేసిన బొమ్మలు మన ఊళ్ళలోనూ, పక్క రాష్ట్రంలోనూ పార్కుల్లో ఉన్నాయి. ఢిల్లీలో 2019లో ఒక పార్కు మొత్తం ఇట్లాగే కట్టారు. 150 టన్నుల తుక్కుతో తాజ్‌మహల్, ఈఫిల్ టవర్ లాంటి ఏడు వింతలు చేశారు.

ఇంకా పెద్దవి కావాలంటే హైదరాబాదులో 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన అంబేడ్కర్ గారి 125 అడుగుల విగ్రహం ఉంది. విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న ఆవిష్కరించిన విగ్రహమూ 125 అడుగులే, కింద పీఠం ఇంకో 81 అడుగులు. పైకి కనిపించే కంచు చర్మం లాంటిది. లోపల బరువంతా మోసేది ఉక్కు ఎముకలు. పెద్ద విగ్రహాల్లో దాదాపు అన్నిటి సంగతీ ఇంతే. ముందు చిన్న నమూనా చేస్తారు, దాన్ని కొలిచి పెంచుతారు, లోపలి గూడుకు ఇంజనీరు లెక్క వేస్తాడు, ఆ పైన చర్మం ముక్కలు ముక్కలుగా తెచ్చి బిగిస్తారు. తుక్కు ఇనుప బొమ్మకూ లోపల గూడు ఉంటుంది. నట్లూ చైన్లూ పైన అతికినవే. పైదాన్ని చూసి ముచ్చటపడతాం, లోపలిదాన్ని ఎవరూ అడగరు. మనం అడగాలి. ఎందుకంటే తుఫాను వచ్చిన రోజు నిలబెట్టేదో పడేసేదో అదే.

ఇక్కడ కొంచెం లెక్క చెబుతాను, ఓపిక పట్టండి. భవనాలకు గాలి లెక్క వేసే భారతీయ ప్రమాణాల్లో నెల్లూరుకు ఇచ్చిన వేగం సెకనుకు 50 మీటర్లు. అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరు రేకు మీద సుమారు 150 కిలోల బరువుతో తోస్తుంది. ఇప్పుడు మనం వేసుకున్న బొమ్మలో మగమనిషి ఛాతీ, భుజాలు, నడుము కలిపి నాలుగు మీటర్ల ఎత్తు, రెండు మీటర్ల వెడల్పు అనుకోండి. ఎనిమిది చదరపు మీటర్లు. పన్నెండొందల కిలోల తోపు. అదీ నేల మీద కాదు, పైన, మనిషి కంటే ఎత్తులో. గడ్డపారతో రాయి లేపేవాళ్ళకు ఇది నేను వివరించక్కర్లేదు, పార ఎంత పొడవైతే అంత సులువుగా రాయి లేస్తుంది. గాలికి ఆ ఎత్తే గడ్డపార. ఇంకో సంగతి, గాలి వేగం రెట్టింపైతే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. మామూలు రోజుల్లో కదలకుండా నిలబడింది కదా అని ధీమా పడటానికి లేదు.

ఇంగ్లండులో గేట్స్‌హెడ్ దగ్గర ఆంటొనీ గోమ్లీ అనే శిల్పి 1998లో ఒక ఉక్కు దేవదూతను నిలబెట్టాడు. 20 మీటర్ల ఎత్తు, రెక్కలు ఆ చివరనుంచి ఈ చివరకు 54 మీటర్లు, బరువు 200 టన్నులు. ఆ రెక్కలకు పట్టే గాలికోసం భూమిలోకి 20 మీటర్ల లోతున కాంక్రీటు స్తంభాలు దించారు. పైన కనిపించే ఎత్తు ఎంతో కిందా అంతే. అక్కడ మునుపు బొగ్గుగని ఉండేది. గనిపనివాళ్ళ ఊళ్ళు అవి, గనులు మూతపడ్డ ఊళ్ళు. మొదట్లో జనం ఇదెందుకు, డబ్బు దండగ అని గొడవ చేశారు. పెట్టిన కొద్ది నెలలకే ఫుట్‌బాల్ అభిమానులు రాత్రికి రాత్రి దానికి తమ జట్టు చొక్కా తొడిగేశారు. చొక్కా తొడిగారంటే ఇంక అది వాళ్ళ మనిషి అయిపోయినట్టే గదా! ఆ దేవదూత ముఖంలో కళ్ళు, ముక్కు కూడా స్పష్టంగా ఉండవు. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

ఆ దేవదూత రంగు తుప్పు రంగు. అది కోర్‌టెన్ అనే ఉక్కు. రాగి, క్రోమియం లాంటివి కలిపి చేస్తారు. పైన ఒక పొర తుప్పు పట్టి అక్కడితో ఆగిపోతుంది, ఆ పొరే లోపలిదాన్ని కాపాడుతుంది. మన కుర్రాళ్ళు ఇంటర్నెట్‌లో చూసి 'రంగు వెయ్యక్కర్లేదక్కా, అట్టాంటిది తెద్దాం' అన్నారు. ఆ పొర గట్టిపడాలంటే వానకు తడవాలి, మళ్ళీ బాగా ఆరాలి, ఉప్పు తగలకూడదు. మనకు ఆరేదెక్కడ? తెల్లారుజామున గేటు పట్టుకుంటే చెయ్యి జిగటగా ఉంటుంది, నాలుకకు పెట్టుకుంటే ఉప్పగా ఉంటుంది. ఉప్పు ఆ పొరను నిలవనివ్వదు. తుప్పు ఆగదు, పొరలు పొరలుగా రాలుతూనే ఉంటుంది. ఢిల్లీ ఇనుప స్తంభం పదహారొందల ఏళ్ళుగా ఉంది కదా అని మా పిల్లలు అడుగుతారు. అందులో భాస్వరం ఎక్కువ, దానికితోడు ఢిల్లీ గాలి పొడి. దాన్ని తెచ్చి కండలేరు కయ్య దగ్గర పాతిపెడితే ఏమయ్యేదో!

మరి స్టెయిన్‌లెస్ స్టీలో? అందులోనూ రకాలున్నాయి. మన వంటింటి గిన్నెల రకం 304. దానికి సముద్రపు గాలి తగిలితే టీ మరకల్లా గోధుమరంగు మచ్చలు పడతాయి. 316 అని ఇంకోటి ఉంది, అందులో మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పుకు కాస్త తట్టుకుంటుంది, ఖరీదెక్కువ. చౌకగా పోదామని స్టెయిన్‌లెస్ ముక్కనూ మామూలు ఇనుమునూ కలిపి అతికిస్తే ఉప్పు తేమలో రెండూ బ్యాటరీలా పనిచేస్తాయి. పాపం మామూలు ఇనుము తొందరగా తినేసుకుపోతుంది. తుక్కు బొమ్మల్లో అన్ని రకాలూ పక్కపక్కనే ఉంటాయి. సైకిల్ చైనులో ఒక రకం, బేరింగులో ఒక రకం, పైపులో ఒక రకం. ఒకదాని సందులో ఒకటి, వాన నీళ్ళు దిగి ఎండని సందులు వెయ్యి. ఊళ్ళ మధ్య పార్కుకు అది బాగుంటుందేమో. ఇక్కడికి మాత్రం నాకు ధైర్యం చాలదు.

భాయ్ చెప్పిన దారి వేరు. మామూలు ఉక్కు పైపులే తీసుకో, పనంతా అయ్యాక 450 డిగ్రీల దగ్గర కరిగిన జింకు తొట్టిలో ముంచి తీయించు అన్నాడు. గాల్వనైజింగ్ అంటాం. పైన గీత పడినా జింకు ముందు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. దానికి రెండు షరతులు. తొట్టిలో పట్టేంత ముక్కలుగానే చెయ్యాలి, ఇక్కడికి తెచ్చి బోల్టులతో బిగించాలి. పైపులకు బెజ్జాలుండాలి. లేకపోతే లోపల చిక్కుకున్న గాలి, తడి ఆ వేడికి పేలిపోతాయి. తర్వాత వాన నీళ్ళు దిగిపోవడానికి కూడా ఆ బెజ్జాలే. ముంచినదాని మీద మళ్ళీ వెల్డింగ్ పెట్టొద్దని గట్టిగా చెప్పాడు. జింకు కాలినచోట రక్షణ పోతుంది. పైగా ఆ పొగ పీల్చినవాడికి ఆ రాత్రి చలిజ్వరమే. తనకు వచ్చిందట. "పాలు తాగితే పోతుందంటారు, పోదు మేడమ్" అన్నాడు.

ఇంక చెయ్యి సంగతి. రెండేళ్ళ కిందట పిల్లల్ని ఒక పట్టణంలో పార్కుకు తీసుకుపోయాను, ఊరి పేరు ఎందుకులే. అక్కడ తుక్కుతో చేసిన నెమలి ఉంది. నిజంగా అందమైన నెమలి. పింఛానికి కోసిన రేకు ముక్కలు. మా ఆరో తరగతి పిల్ల దాని ఈక పట్టుకుంది, అరచెయ్యి చీరుకుపోయింది. అంచులు గ్రైండరు పట్టకుండా వదిలేశారు. టీటీ ఇంజెక్షను, నాలుగు కుట్లు. కాపలా ఆయన మామీదే కేకలేశాడు, 'ముట్టుకోవద్దని బోర్డు పెట్టాం కదా' అని. బోర్డు ఉంది, నిజమే. కానీ పార్కులో పెట్టిన బొమ్మను పిల్లలు ముట్టుకోరని ఎవరనుకున్నారు? అమెరికాలో షికాగో నగరంలో పికాసో గీసిన నమూనాతో 1967లో పెట్టిన 50 అడుగుల ఉక్కు శిల్పం ఉంది. దాని కింది భాగం ఏటవాలుగా ఉంటుంది. అప్పటినుంచి ఇప్పటిదాకా పిల్లలు దానిమీదికెక్కి జారుతూనే ఉన్నారు. ఉక్కు అక్కడ నున్నబడింది. అక్కడ మావాళ్ళని ఊహించుకుంటే నాకు నవ్వొస్తుంది, దించడానికి నేను పడే పాట్లు కూడా.

ఇప్పుడు అసలు మాట. ఆ ఇనుము ఎక్కడనుంచి వస్తుంది?

తీర్మానంలో 'సేకరించిన పాత ఇనుముతో' అని రాశారు. ఆ సేకరించేది ఎవరు? నాకు జొరమొచ్చిందని చెప్పమన్న పిల్ల నాన్నే సేకరిస్తాడు. తెల్లవారకముందే గోతం తీసుకుని రోడ్డు పక్కల, కాలవ గట్ల వెంబడి ఏరతాడు. ఈ గదిలో సగం ఇళ్ళల్లో ఎవరో ఒకరు ఆ పని చేసినవాళ్ళమే. మా నాయన కయ్యలో పీతలు పట్టేవాడు. ముసలితనంలో నీళ్ళలో నిలబడలేక ఆయనా గోతం ఎత్తుకున్నాడు. పాత ఇనుప కొట్లో కాటా వేసినవాడు చెప్పిందే బరువు, ఇచ్చిందే ధర. అదొక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. దారిలో ఎవరన్నా ఆపితే, 'ఇది ఎక్కడ కొట్టుకొచ్చావు?' అన్నదే మొదటి ప్రశ్న. మన తాతల మీద నేరస్థ జాతుల చట్టం ముద్ర వేసింది. వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటివారు మన జిల్లాలో ఏళ్ళతరబడి దానికి ఎదురు నిలబడ్డారు, 1952లో ఆ చట్టం దేశమంతటా పోయింది. చట్టం పోయింది గానీ ఆ ప్రశ్న పోలేదు, గోతం భుజాన ఉంటే చాలు. అదే ఇనుము వెల్డింగ్ అయి పార్కులో నిలబడ్డాక కళ అవుతుంది. శిల్పి పేరు, ఆవిష్కరించినవారి పేరు రాయి మీద చెక్కుతారు. ఏరినవాడి పేరు మటుకు ఎక్కడా ఉండదు.

గుజరాత్‌లో పటేల్ గారి 182 మీటర్ల విగ్రహానికి దేశమంతటా ఊళ్ళనుంచి పాత నాగళ్ళు, కొడవళ్ళు, పారలు అడిగి తీసుకున్నారు, గుర్తుందా? సుమారు 135 టన్నులు పోగయింది. ఇచ్చినవాళ్ళు తమ కొడవలి ఆ విగ్రహంలో కలుస్తుందనుకున్నారు. అందులో ఎక్కువ భాగం కరిగి పునాదిలోకి పోయింది. పునాది గొప్పదే, కాదనను. కానీ కంటికి కనపడదు. 2018లో ఆ విగ్రహం ఆవిష్కరణనాడు చుట్టుపక్కల ఆదివాసీలు తమ భూముల కోసం నిరసన తెలిపారు. ఈ రెండు సంగతులూ మన తీర్మానం మీద చెయ్యెత్తేముందు గుర్తు తెచ్చుకోమని అడుగుతున్నాను.

నాకు తోచింది చెబుతాను. ఇదిగో ఈ బల్ల మీద పెట్టింది ఊత. వెదురు పుల్లల ఊత. పట్నం పిల్లలకు తెలియదేమో గాని ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. పైన సన్నం, కింద వెడల్పు, అడుగు ఉండదు. మోకాలి లోతు నీళ్ళలో చప్పుడు కాకుండా నడిచి, చేప కదిలినచోట గభాల్న నేలకు ఒత్తి, పైనుంచి చెయ్యి దించి పట్టుకోవడమే. ఇది నా పక్కన కూర్చున్న పిల్ల తాత అల్లింది. దీన్నే పదహారడుగుల ఎత్తున ఉక్కు పైపులతో చేస్తే?

భాయ్‌తో కూర్చుని ఉజ్జాయింపుగా లెక్క వేశాం. పదహారు నిలువు పైపులు, అయిదు చుట్లు, అడుగున మూడు మీటర్ల వెడల్పు. అర టన్నుకు అటూ ఇటూ ఉక్కు పడుతుంది. గాలికి ఎదురు నిలబడే రేకు ఉండదు, సందుల్లోంచి గాలి పోతుంది. తుఫానుకు తట్టుకోవడం సులువు. రెండు మూడు భాగాలు చేసి జింకులో ముంచవచ్చు. వాన నీళ్ళు నిలిచే సందులు తక్కువ. పిల్లలు లోపలికి పోయి నిలబడి పైన కన్నంలోంచి ఆకాశం చూడొచ్చు. సందుల సంగతి నేను ప్రత్యేకంగా చూసుకున్నాను. అమెరికా వాళ్ళ ఆటస్థలాల నియమాల్లో తొమ్మిది సెంటీమీటర్ల నుంచి ఇరవైమూడు సెంటీమీటర్ల దాకా సందు ఉండకూడదంటారు. ఒళ్ళు దూరి తల ఇరుక్కుపోతుంది. అడుగున మన పైపుల మధ్య రెండడుగుల సందు వస్తుంది, హాయిగా దూరిపోవచ్చు. పైకి పోయేకొద్దీ ఇరుకవుతుంది కాబట్టి ఎక్కకుండా అడ్డుచుట్లను మొదటి ఆరడుగుల్లో పెట్టకూడదు. నేలమట్టాన ఒకటి తప్ప. ఇది ఇంజనీరు చూసి సరేననాలి, నా మాట మీద పునాది తవ్వకండి.

నిన్న రాత్రి ఈ మాట చెబితే సంఘంలో పెద్దాయన ఒకరు నన్ను నిలేశారు. ఆయన ఇక్కడే ఉన్నారు, కోపం లేదు కదా మామా? ఆయన అన్నది ఇది: "ఊరూరా అందరికీ మనుషుల విగ్రహాలున్నాయి. రాజులకున్నాయి, నాయకులకున్నాయి. మనదాకా వచ్చేసరికి బుట్టా? మనం మనుషులం కాదా?" రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. ఆ మాటలో బలముంది. విజయవాడలో ఆ 125 అడుగుల విగ్రహం కింద నిలబడి తలెత్తి చూసినవాళ్ళకు ఆ మాట ఎందుకు వస్తుందో తెలుసు. అది కోటు వేసుకుని పుస్తకం పట్టుకున్న ఒక మనిషి, ఆయనకు పేరుంది, ఆయన చేసిన పని అందరికీ తెలుసు.

మన బొమ్మలో మనిషికి పేరేదీ? అదే మామా నా బాధ. పేరున్న మనవాళ్ళకు, పేరు పెట్టి, ముఖం పోలికతో, కట్టుకున్న బట్టలతో విగ్రహం పెడదామనండి, నా నెల జీతం ఇస్తాను. పేరులేని ఒక గోచి మనిషిని నిలబెట్టి ఇదే యానాది అంటే, చూసినవాళ్ళు ఆ కొలతతో మా పిల్లల్ని కొలుస్తారు. నా హాస్టల్లో ఉన్న పిల్లల్లో విల్లు పట్టుకున్నది ఒక్కతీ లేదు. స్కూల్ కబడ్డీ జట్టులో ఉన్నారు, లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకున్నది ఉంది, ఎలుకంటే కుర్చీ ఎక్కేవాళ్ళూ ఉన్నారు. నవ్వకండి, నేనూ ఎక్కుతాను.

మనిషి బొమ్మ లేకుండా మనిషిని తలచుకోవడం కొత్తేమీ కాదు. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 జూన్ 22న తెలంగాణ అమరుల స్మారకం తెరిచారు. శిల్పి ఎం.వి. రమణారెడ్డి గారు. అక్కడ ఉన్నది స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన పెద్ద ప్రమిద, పైన జ్యోతి. మనిషి లేడు. పోయిన ప్రతి బిడ్డ తల్లీ అది తన బిడ్డదే అనుకోవచ్చు. ముఖం సరిగా లేని ఆ ఇంగ్లండు దేవదూతకు జనం తమ చొక్కా తొడగగలిగింది కూడా అందుకే అనుకుంటాను.

ఊత కింద రాయి వేస్తే దానిమీద పేర్లుండాలి. ఇనుము ఏరి ఇచ్చినవాళ్ళవి, వెదురు ఊత అల్లి చూపించిన తాతది, వెల్డింగ్ చేసినవాళ్ళవి. ఇనుము దానంగా తీసుకోవద్దు. కాటా సంఘం ఆఫీసు ముందు పెట్టి, అందరూ చూస్తుండగా తూచి, కొట్టువాడి కంటే రూపాయి ఎక్కువిచ్చి కొనండి, రసీదు రాయండి. ఆ రసీదు జేబులో ఉన్న నెలరోజులన్నా ఎవరైనా ఆపి అడిగితే ఆ తండ్రి దగ్గర ఒక కాగితం ఉంటుంది. ఏరిన తుక్కు తిన్నగా పైపులు కాదు, నాకు తెలుసు. దాన్ని అమ్మి పైపులు కొనాలి, లెక్క తేలకపోతే మిగిలింది చందాలతో నింపాలి. దాచేదేమీ లేదు. పని జరిగినన్నాళ్ళు ఐటీఐలో వెల్డరు కోర్సు చదివే మన పిల్లలు ఇద్దరు భాయ్ దగ్గర చెయ్యి కలపాలి. ఆడపిల్లకు వెల్డింగా అనేవాళ్ళు మా హాస్టల్‌కు రండి. కిటికీ కమ్మి విరిగితే ముందు పరిగెత్తేది ఎవరో చూపిస్తాను.

డబ్బు పోగుచేసేటప్పుడు పదో వంతు పక్కన పెట్టండి. ఆవిష్కరణ ఫొటోలు అయ్యాక అందరూ పోతారు. ఏటా వానాకాలం ముందు బోల్టులు బిగించి, ఉప్పు కడిగి, జింకు పోయినచోట రంగు వెయ్యాలి. కడగడానికి మంచినీళ్ళు చాలు. ఆ పని మా హాస్టల్ పిల్లలతో కలిసి నేను చేస్తాను, నేను ఇక్కడ ఉన్నంతకాలం. బదిలీ అయితే వచ్చే వార్డెనుకు రాసి పెడతాను.

ఈ రోజు తీర్మానాన్ని కొట్టెయ్యమని అడగటం లేదు. 'యానాది దంపతుల విగ్రహం' అన్న మాట తీసి 'ఉక్కు శిల్పం' అని రాయండి. రూపం నిర్ణయించడానికి మూడు నెలలు గడువు పెట్టండి. ఈ మూడు నెలల్లో ముందు వెదురుతోనే నిలువెత్తు ఊత అల్లి మైదానంలో నిలబెడదాం. పెద్దవాళ్ళు చుట్టూ తిరిగి చూడండి, పిల్లలు లోపలికి దూరి చూస్తారు. నచ్చకపోతే విప్పేసి పొయ్యిలో పెట్టుకుందాం, వెదురే కదా.

సమయం మించిపోయిందని అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. భోజనాలయ్యాక ఈ ఊతను చెట్టు కింద పెడతాం. ఎట్టా పట్టాలో మరిచిపోయినవాళ్ళకు ఆ పిల్ల చూపిస్తుంది, అడిగాను, ఒప్పుకుంది.